కుట్టు లోపలి గుడ్డ

ఇందుకూరుపేటలో బట్టలు కుట్టే జబీనాకి బరువు తగ్గే ఆపరేషన్ చేసి మూడేళ్లయింది. సగం మనిషైంది గానీ, ఈ మధ్య మళ్లీ ఒళ్లొస్తోంది, మనసు కుదురుండదు. నాలుగు ముద్దల అన్నానికే చాలనే కడుపు, మిషన్ దగ్గర తినే బిస్కెట్లను మాత్రం కాదనదు.

పొద్దున జాకెట్టు బిగుతైంది.

"కుట్టు విప్పు మే, లోపల గుడ్డ వదిలినావు గదా," అంది తల్లి బీజాన్.

జబీనాకి ఒళ్లు మండింది. సన్నబడ్డాక జాకెట్లు బిగించి కుట్టుకున్న రోజునే, మళ్లీ లావవుతానని చోటుంచుకుంది తనే! జాకెట్టు తీసి, కుట్టు విప్పకుండానే ఆ గుడ్డంతా కత్తిరించి పారేసి, మళ్లీ అదే తొడుక్కుంది.

"రేపు పట్టకపోతే?" అంది బీజాన్.

జబీనా మిషన్ ముందు కూర్చుంది. చెయ్యి దానంతటదే బిస్కెట్ డబ్బా వైపు పోయింది. చంకలో జాకెట్టు పట్టేసి అందలేదు.

బీజాన్ జాలిపడి డబ్బా దగ్గరికి జరిపింది.