మా అత్త జొన్నచేను

గోదావరి నీళ్లు కాలువలో మా ఊరిదాకా వచ్చిన ఏడు, ఇక అందరూ వరే వెయ్యాలని పెద్దలు నిర్ణయించారు. ఒప్పుకున్నవాళ్లు మునసబుగారి పళ్లెంలోంచి తాంబూలం తీసుకోవాలి. మా మేనత్తకు భర్త పోయాక ఆమె చేను సాగు నేనే చూసేవాణ్ణి. అందుకని నా వంతుతోపాటు ఆమె వంతు తాంబూలం కూడా తీసుకుని, దారిలోనే నమిలేసి, ఎర్రటి నోటితో వెళ్లి శుభవార్త చెప్పాను.

"ఆకు నమిలింది నువ్వు. చేను నాది. నేను జొన్నే వేస్తాను," అంది.

నాకు ఒళ్లు మండింది. ఆమె చేను సరిగ్గా మధ్యలో ఉంది. నీళ్లు మడి నుంచి మడికి పారాలి. ఆమె ఆపితే కింది నాలుగు చేలు ఎండుతాయి, వదిలితే ఆమె జొన్న కుళ్లుతుంది. ఇక ఊళ్లో నేను తలెత్తుకునేదెలా?

"తెల్లన్నం తినే యోగం పడితే వద్దంటావేంటత్తా?"

"యోగం నీకు. నాకు ముద్ద దిగదురా."

మర్నాడు మునసబుగారు అత్తను పిలిపించారు. "ఊరంతా ఒక మాట మీద ఉంటే మీరొక్కరూ కాదంటే ఎలాగమ్మా?"

"నీళ్లకి అడ్డం రానండి. నా గట్టు వెంట బోదె తవ్వుకోడానికి చోటిస్తాను. నీళ్ల సంగతి ఊరు చెబితే వింటాను. నేనేం తినాలో కూడా ఊరే చెప్పాలా అండి?"

ఆయన మీసం దువ్వుకున్నారు. "సరే, బోదె ఎవరు తవ్వుతారు?"

"తాంబూలం తిన్నవాడు."

అరచేతులు బొబ్బలెక్కేలా నాలుగు రోజులు తవ్వాను. ఆవిణ్ణి తిట్టుకుంటూనే తవ్వాను. మధ్యాహ్నం ఆవిడే గట్టు మీదికి రెండు ముంతలు తెచ్చేది, తనకు జొన్నన్నం, నాకు వరన్నం. అయిదోనాడు నీళ్లు ఆమె చేను పక్కనుంచి కిందికి జారుతుంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది.

చలికాలం వచ్చేసరికి, ఆ రోజు అందరికంటే ముందు తాంబూలం అందుకున్న ముసలాళ్లే ఒక్కొక్కరూ గిన్నె పట్టుకుని మా అత్త గుమ్మంలోకి వచ్చారు. "నోరు చప్పబడిందమ్మా, కాస్త జొన్నన్నం ఉంటే..."

"ఊరి మాట ఏమైందండీ?" అని నవ్వుతూనే పెట్టేది.

ఆమె పోయాక చేను నాకొచ్చింది. గట్టు కోసి నీళ్లు వదిలి వరి ఊడ్చాను. ఆవిడ చేలో వరా అని ఊళ్లో కొందరు నొచ్చుకున్నారు. నాకైతే ఏ బెంగా లేదు. జొన్న నాకు సహించదని ఊరందరికంటే ముందు తెలిసింది, గట్టు మీదికి నాకు వేరే ముంత తెచ్చిన ఆవిడకే.