బాపు చెప్పిన ఉల్టా దేశం

మా పాలమూరు దిక్కు "దేశం పోయిండు" అంటే కూలికి పోయాడని అర్థం. ఏ దేశమని ఎవరూ అడగరు. మేస్త్రీ రైలు దింపి మట్టి తవ్వమన్న చోటే దేశం. దసరా అయ్యాక జడ్చర్లలో రైలెక్కితే వానలకు ముందు తిరిగొచ్చేవాళ్లం. యాభైల చివర, అరవైల మొదట్లో ఎక్కడ చూసినా ఆనకట్టలు కడుతున్నారు. మట్టి పనికి మమ్మల్ని మించినవాళ్లు లేరని మా వాళ్లకు పెద్ద పేరు. మా ఊరి చెరువు మాత్రం నెర్రెలు విచ్చి పడి ఉండేది. అందరి నీళ్లకూ కట్టలు పోసొచ్చి మేం వాగు ఇసుకలో తవ్విన చెలిమెల్లో ముంతలు ముంచుకునేవాళ్లం.

తిరిగొచ్చిన సాయంత్రం వాడకట్టు అంతా కూర్చుని దేశం కథ వినడం మా ఆచారం. దానికొక కట్టుబాటు ఉంది. తిన్న జాగను తిట్టకూడదు. అంటే బాధ చెప్పకూడదని కాదు, ఉల్టా చెప్పాలి. పస్తులుంటే అన్నం మిగిలిపోయిందనాలి. తన్నులు తింటే సన్మానం చేశారనాలి. మేస్త్రీ కూడా వచ్చి మంచం మీద కూర్చునేవాడు, వచ్చే ఏడు ఎవరిని తీసుకుపోవాలో చూసుకోవడానికి. అతని ముందు ఉన్నదున్నట్టు చెప్పినవాడికి మళ్లీ పని దొరకదు. ఉల్టా చెబితే అతనికి అర్థమవుతుంది కానీ పట్టుకోవడానికి మాట దొరకదు.

మా బాపు, అంటే మా నాన్న, ఈ విద్యలో ఆరితేరినవాడు. నవ్వు పెదవి దాటనివ్వకుండా, పురాణం చెబుతున్నట్టు చెప్పేవాడు. ఒక ఏడు ఇలా మొదలుపెట్టాడు.

"గా దేశంల మంత్రి అచ్చిండు. మా గుడిసెలకు ఎండ తాకుతదని ఆయినకు శానా ఫికరు. గందుకే ఆయిన కారొచ్చే తొవ్వ పొడుగూత మా గుడిసెలకు అడ్డం పరదాలు కట్టిచ్చిండ్రు. రాణీల తీర్గ పరదాల ఎనక కూసున్నం పో."

పోయొచ్చినవాళ్లు తొడలు చరుచుకుని నవ్వారు.

"ఓట్లు పడ్డయట ఈడ. గంత దూరంకెల్లి వచ్చుడు మాకు తిప్పలని, మా ఓట్లు గూడ దొరనే ఏయించిండట. గసొంటి పుణ్యాత్ముడు యాడన్న ఉంటడా?"

మళ్లీ నవ్వులు. చివర్లో దవాఖాన సంగతి వచ్చింది.

"ఇగ ఆడోళ్లకు నొప్పులు పడ్తే జీపొస్తది. జీపుల పరుపుంటది. దవాఖాన తలుపు కాడ డాక్టరమ్మ నిలవడి ఎదురు సూస్తది."

నిజానికి ఆ ఏడు మా గుంపులో ఒకామె మట్టికుప్ప చాటున కని, మూడోనాడు తట్ట ఎత్తుకుంది. నేను అక్కడే ఉన్నాను. అయినా అందరితో పాటు నవ్వాను. ఏడ్చి ఏం లాభమని ఆ నవ్వు.

ఆ సాయంత్రం మా మధ్య ఒక కొత్త మనిషి ఉంది, మా అన్న భార్య. పెళ్లి కోసం అన్న ఆ ఏడు ఊళ్లోనే ఉండిపోయాడు, బాపూ నేనూ జతగా దేశం పోయొచ్చాం. భువనగిరి దిక్కు పిల్ల. తండ్రి లేడు, తల్లీ చెల్లెలూ కూలి చేసుకుని బతుకుతారు. వాళ్ల ఊళ్లో దేశం పోయే అలవాటు లేదు. వదినకు అప్పుడే నెల తప్పింది. బాపు చెబుతున్నంతసేపూ ఆమె రెప్ప వేయలేదు.

మర్నాడు చెలిమె దగ్గర నన్ను అడిగింది.

"పరుపు మెత్తగుంటదా?"

"అయ్యో వదినా, గది బాపు చెప్పే కథ. గట్లేం ఉండది."

"మరి అందరు గంత సంబురంగ నవ్విండ్రు గదా?"

సంబరం లేకుండా అంతమంది కలిసి నవ్వుతారని ఆమెకు తెలియదు. తెలియడానికి మాతో ఒక ఏడు తట్ట మోసి ఉండాలి. నేను మళ్లీ మళ్లీ చెప్పాను. ఆమె వింది, నమ్మలేదు. పెద్దాయన వాడకట్టు మొత్తం ముందు కూర్చుని అబద్ధమాడతాడా అంది.

దసరా దగ్గరపడింది. మేస్త్రీ ఈసారీ ఆ జాగకే తీసుకుపోతానన్నాడు. తొలికాన్పు తల్లిగారింట్లో జరగాలి, అది మర్యాద. కానీ తల్లిగారింట్లో పొయ్యి రోజూ వెలగదని వదినకు తెలుసు. తానొక్కతే పోతే ఆ ఇంట్లో రెండు నోళ్లు పెరుగుతాయి. మేస్త్రీకి జంటలు కావాలి, ఒంటి మగవాడిని తీసుకోడు. "మామ చెప్పిన దవాఖాన ఉండంగ మా అవ్వకు బరువెందుకు?" అని ఆమే మూట కట్టుకుంది.

బాపు ఒక్కసారి అడ్డం పడ్డాడు. "మీ అమ్మకాడికి పో బిడ్డా" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఏళ్ల తరబడి ఉల్టా చెప్పి చెప్పి, సీదా మాట ఆయన నాలుక మీదికి రావడం మానేసింది. తనకు తిండి పెట్టడం మామకు ఇష్టం లేదనుకుంది వదిన. నాకు బాపు మీద చాలా కోపం వచ్చింది. అందులో కొంత ఇప్పటికీ మిగిలే ఉంది.

మాఘమాసంలో నొప్పులు మొదలయ్యాయి. పట్టపగలు. ఆ వారం మళ్లీ ఎవరో పెద్దవారు శంకుస్థాపనకు వస్తున్నారు, మా గుడిసెలకు మళ్లీ పరదాలు కట్టారు. అన్న దవాఖానకు ఉరికాడు. అది ఆఫీసువాళ్ల దవాఖాన, చీటీ లేకుండా తలుపు తీసేది లేదన్నారు. చీటీ కోసం ఆఫీసుకు ఉరికాడు. అందరూ వేదిక దగ్గర ఉన్నారు. జీపు పట్నానికి పోయింది, పూలదండలు తేవడానికి.

గుడిసెలో వదిన తల నా ఒళ్లో ఉంది. మంత్రసాని పని తెలిసిన ముసలామె ఒకతే, తనకు చేతనైంది చేస్తూ ఉంది. బిడ్డ అడ్డం తిరిగిందని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది. గాలికి పరదా ఎగిరినప్పుడల్లా వదిన తల ఎత్తి చూసేది.

"జీపొచ్చిందా?"

"ఒస్తాంది వదినా."

నేనూ ఉల్టా చెప్పాను. ఇంకేం చెప్పను? పొద్దు వాలేసరికి తల్లీ పోయింది, బిడ్డా పోయింది. కాలువ గట్టు అవతల రాళ్ల నేలలో గుంత తవ్వారు. మట్టి పనిలో పేరున్నవాళ్లం కదా, ఎంతోసేపు పట్టలేదు. పరదాలు మర్నాటిదాకా విప్పలేదు.

ఆ తరవాతి బతుకులో నేను చదువుకున్నాను, నాలుగు కథలు రాశాను. వ్యంగ్యం గొప్పదని, రాజ్యాలను వణికిస్తుందని సభల్లో ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మా బాపు వ్యంగ్యానికి మంత్రి వణకలేదు, దొర వణకలేదు, మేస్త్రీ వక్క నములుతూ విన్నాడు. ఆ కథలు విని మోసపోయింది మా వదిన ఒక్కతే.

వదిన పోయిన ఆ ఏడు మేం తిరిగొచ్చిన సాయంత్రం ఆమె తల్లి మా ఇంట్లో ఉంది. పోయిన కబురు ఆమెకు ముందే చేరింది, ఎలా పోయిందో చేరలేదు. వాడకట్టు వాళ్లు వచ్చి కూర్చున్నారు. మేస్త్రీ మంచం మీద ఉన్నాడు. ఎవరూ కథ అడగలేదు. ఆమే అడిగింది.

"అన్నా, నా బిడ్డ ఎట్ల పోయిందో జర చెప్పు. అరిగోస పడ్డదా?"

బాపు గొంతు సవరించుకున్నాడు.

"లేదు చెల్లే. జీపొచ్చింది. పరుపు మీద పండవెట్టుకోని పోయిండ్రు. డాక్టరమ్మ తలుపు కాడనే ఉండె. పెద్ద సూదులిచ్చిండ్రు. ఏం చేసినా దేవుడు ఆగలే."

అది వ్యంగ్యం కాదు. ఆమె మీద జాలితో చెప్పాడు. మాటలు మాత్రం అవే. పోయొచ్చినవాళ్లందరికీ ఒక్కో మాటా తిరగబడి వినిపించింది. ఎవరూ నవ్వలేదు. అన్న లేచి బయటికి పోయాడు.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. ముఖం కొంచెం తేటపడింది.

"పోనీ. రాజ్యమేలినోళ్లకు గూడ గట్ల జరగది" అంది. మేస్త్రీ వైపు తిరిగింది. "అయ్యా, ఇంటికాడ నా చిన్నబిడ్డ ఉంది. తిననీకె లేదు. గసొంటి జాగ అయితే, ఈపారి దాన్ని తోల్కపోండ్రి. మా అన్న ఉండనే ఉన్నడు, పానం లెక్క చూసుకుంటడు."

మేస్త్రీ తల ఊపాడు. "దాందేముంది, జత చూసి తోల్కపోదాం" అన్నాడు.

బాపు లేచి నిలబడ్డాడు.

"చెల్లే, జీపు రాలే" అన్నాడు. "దవాఖాన తలుపు తియ్యలే. నీ బిడ్డ గుడిసెల మన్ను మీద పానం ఇడిసింది. జీపొచ్చిందా, జీపొచ్చిందా అని నా బిడ్డను అడుక్కుంట పోయింది. చిన్నదాన్ని పంపకు."

మేస్త్రీ మంచం దిగి, చెప్పులు తొడుక్కుని పోయాడు. ఆ ఏడు మా ఇంట్లో ఎవరికీ పని ఇవ్వలేదు, ఆ పైన కూడా ఇవ్వలేదు.

వదిన తల్లి ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు.

"కూసో అన్నా" అంది. "మొదటి సంది చెప్పు. ఏం ఇడిసిపెట్టకు."