సుద్దముక్కతో కొలిచిన కంపు

నా ముక్కును నమ్ముకుని సొంత మేనమామను పొయ్యి దగ్గర నుండి గెంటించిన వైనం చెప్పబోతున్నాను. నవ్వదలచినవారు నవ్వవచ్చు. ఖరగ్‌పూర్‌లో నన్నెరిగిన తెలుగువారంతా ఏనాడో నవ్వేశారు కనుక, మీ నవ్వు వల్ల నా పరువుకు కొత్తగా కలిగే నష్టమేమీ లేదు.

అది 1986 జూన్ నెల. నేను రైల్వేలో వంతెనల మరమ్మతు చూసే చిన్న ఇన్‌స్పెక్టరును. మా బృందానికి క్యాంపు కోచ్ అనే చక్రాల ఇల్లొకటి ఉండేది. పాత ప్యాసింజరు పెట్టెలో బల్లలు పీకించి, ఒక కొసన వంటగది, రెండో కొసన నా గది, నడుమ పనివాళ్ళకు పడకలు అమర్చారు. ఏ వంతెన దగ్గర పని ఉంటే ఆ దగ్గరి స్టేషనులో పక్క పట్టాల మీద దానిని వదిలి వెళ్ళేవారు. పని ముగిశాక ఏదో ఒక గూడ్సుబండి దానిని తోకకు తగిలించుకుని మరో ఊరికి లాక్కుపోయేది.

ఆ వంటగదికి సర్వాధికారి మా సూరన్న మావయ్య. మా అమ్మకు స్వయానా తమ్ముడు, ఉద్యోగరీత్యా ఖలాసీ, చేతిరుచి రీత్యా నలభీములిద్దరికీ పై అధికారి. అత్త పోయిన తరువాత ఖరగ్‌పూర్‌లో ఖరిదా పేటలోని ఇంట్లో ఆయనకు మనసు నిలవలేదు. రిటైరయ్యే దాకా ఈ పెట్టెలోనే వండిపెడుతూ గడపాలన్నది ఆయనకు మిగిలిన ఒకే ఒక కోరిక. "ఆ పొయ్యి నాకు ఒగ్గేయండి, పెమోషన్లు మీరు పంచుకోండి" అనేవాడు.

పొయ్యి పక్క అరలో ఆయన ప్రాణం ఒక రేకు డబ్బాలో ఉండేది. శ్రీకాకుళం తీరం నుండి తెప్పించిన ఎండు నెత్తళ్ళు, వేలెడంత చేపలు. వాటితో ఆయన పెట్టే పులుసుకు నేను రెండోమారు అన్నం కలుపుకోని రోజు లేదు. ఈ సంగతి మీరు బాగా గుర్తుంచుకోవాలి. ఎందుకంటే నేను గుర్తుంచుకోలేదు.

వానలు పట్టగానే పెట్టెలోకి కంపు వచ్చి కాపురం పెట్టింది. తడిసిన గోనెసంచిలో కుళ్ళిన ఉల్లిపాయలు మూటగట్టి, దాని మీద ఎవరో నెలనాటి మేజోళ్ళు ఆరేసినట్టుండేది. అదే వారంలో పై అధికారి తనిఖీకి వచ్చి మా పెట్టెలోనే భోంచేస్తాడని కబురందింది.

నాతోపాటు పనిచేసే మండల్ దా అనే బెంగాలీ ఇన్‌స్పెక్టరు ఖరగ్‌పూర్‌లోని ఇందా పేట నుండి వచ్చి, మెట్టు ఎక్కీ ఎక్కకముందే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "శుట్కీ" అన్నాడు. ఎండుచేప అని అర్థం. బెంగాలీలలో దానిని లొట్టలేసుకుని తినేవారున్నారు, దాని పేరు వింటే ఇల్లు కడుక్కునేవారున్నారు. మండల్ దా రెండో జాతి. ఇక మా తెలుగువాళ్ళలో చదువుకుని కుర్చీ ఎక్కినవారికి ఒక జబ్బుండేది. కిటికీలు బిగించుకుని ఇంట్లో ఎండుచేప వేయించుకునేవాళ్ళం, బయట బెంగాలీ మిత్రుల ముందు ఆ చేప ఏ సముద్రంలో ఉంటుందో కూడా తెలియనట్టు మొహం పెట్టేవాళ్ళం. నేనూ ఆ మొహమే పెట్టాను.

అయితే, అంకె లేని మాటను నేను నమ్మను. కనుక శాస్త్రీయంగా విచారణ మొదలుపెట్టాను. సుద్దముక్క చేతబట్టి, మోకాళ్ళ మీద పాకుతూ, పోలీసు కుక్కలాగా అడుగడుగునా మూచూసి, పదికి ఇన్ని అని గోడ మీద మార్కులు వేసుకుంటూ పోయాను. పనివాళ్ళు పడకల మీదికి కాళ్ళు ఎత్తుకుని నాకు దారి ఇచ్చారు. వంటగదికి మూడు వచ్చింది. నడిమి పడకలకు అయిదు. నా మంచం తలాపున తొమ్మిది.

పాఠకులకు ఈపాటికి సమాధానం దొరికి ఉంటుంది. నాకు మాత్రం సిద్ధాంతం దొరికింది. కంపు వంటగదిలో పుట్టి, గాలివాటున నా గదికి చేరి, దారి లేక అక్కడ నిలవ ఉంటోందని మండల్ దాకు వివరించాను. ఆయన రుమాలు తీయకుండానే తల ఊపాడు. మావయ్య మాత్రం గోడ మీది అంకెలను కాసేపు చూశాడు.

"ఏటిరా అల్లుడా, నా డబ్బా కాడ మూడేసినావు, నీ మంచం కాడ తొమ్మిదేసినావు. మరి దోసం నా డబ్బాదెలాగైనాది?"

"అది గాలి లెక్క మావయ్యా, నీకు అర్థం కాదు."

"రెండో సారి అన్నం కలుపుకున్నప్పుడు ఈ గాలి ఏ పక్కకి కొట్టినాదో."

పనివాళ్ళు నవ్వారు. మండల్ దా కూడా తెలుగు అర్థమైనట్టు నవ్వాడు. అది చాలు, నాలోని అధికారికి ఒళ్ళు మండింది. డబ్బా తీసుకెళ్ళి పట్టాల పక్కన గుంటలో కుమ్మరించాను. ఊళ్ళోని కాకులన్నీ మావయ్య తరఫున విందారగించాయి. గోడ మీది నా అంకెలు చెరగకుండా పెట్టెంతా ఫినాయిలుతో కడిగించాను. కంపు తగ్గలేదు సరికదా, ఫినాయిలును కూడా తోడు తెచ్చుకుంది. దానితో నా సిద్ధాంతం మరింత ముదిరింది. వండే చేతులకే వాసన పట్టేసిందని తేల్చాను. ఆయనను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకు తిప్పి పంపమని పైకి రాశాను. ఆ కాగితం ఎంత వేగంగా కదిలిందో, నా ఉద్యోగ జీవితంలో మరే కాగితమూ అలా కదలలేదు.

మావయ్య బట్టలు సర్దుకుని, పొయ్యి తుడిచి, నా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "ఎల్లొస్తాను సార్" అన్నాడు. అంతకు మునుపెన్నడూ ఆయన నన్ను సార్ అనలేదు.

తనిఖీకి అధికారి వచ్చాడు. నా మంచం మీద కూర్చున్నవాడు చటుక్కున లేచాడు. తలాపున ఉన్న చెక్క ఊడదీయమన్నాడు. వడ్రంగి ఊడదీశాడు. లోపల మూడు ఎలుకలు, ఒకదాని మీద ఒకటి, పరమపదించి ఉన్నాయి.

వేసవిలో ఎలుకల మందు పెట్టినవాడిని నేనే. మాయమైన బిళ్ళలను లెక్కించి, పథకం దిగ్విజయమని అందరికీ చాటుకున్నాను. తిన్న ఎలుక ఎక్కడో ఒకచోట చావవలసి ఉంటుందన్న అంశం మాత్రం నా లెక్కకు అందలేదు.

అధికారి గోడ వైపు చూసి, ఆ తొమ్మిది ఏమిటని అడిగాడు. మార్కులు సార్ అన్నాను. "ఎలుకలకా, మీకా?" అన్నాడు. మండల్ దా పక్కనుండి, తనకు మొదటి నుండీ ఆ చెక్క మీదే అనుమానమని చెప్పాడు.

మరునాడే కొత్త డబ్బా నిండా నెత్తళ్ళు కొనుక్కుని ఖరిదా వెళ్ళాను. మావయ్య వసారాలో కూర్చుని ఉన్నాడు.

"ఆ పొయ్యి కాడ ఇప్పుడు ఎవులున్నారు?" అని అడిగాడు.

"ఎవరో కొత్తతను. నువ్వు ఊ అను మావయ్యా, నేను మళ్ళీ రాస్తాను."

"నువ్వు రాస్తే ఎల్లిపోతారు, నాకు తెలుసు. ఆడెవుడో పాపం, ఆడినైనా ఉండనీ."

డబ్బా లోపలికి పంపాడు. నన్ను భోజనానికి ఉండమనలేదు. వర్క్‌షాపులోనే రిటైరయ్యాడు, ఆ పెట్టె మెట్టు మళ్ళీ ఎక్కలేదు.

అయితే, మావాళ్ళ పెళ్ళి భోజనాలన్నింటికీ వంట పురమాయింపు ఆయనదే. నేను బంతిలో కూర్చున్నప్పుడల్లా, అంత దూరం నుండి ప్రశాంతంగా ఒక కేక వేసేవాడు. "మా మేనల్లుడికి ముందు వాసన సూపించండర్రా. ఒప్పుకుంటేనే ఒడ్డించండి." గరిటె నా ముక్కు దగ్గరకు వచ్చేది. నేను మూచూసి తల ఊపేవరకు బంతి మొత్తం ఆకుల ముందు ఎదురుచూసేది.

తొంభైల నడుమ ఆయన పోయాడు. ఆ కేక వేసేవారు లేరు. కానీ వడ్డించే కుర్రకారుకు అలవాటు మిగిలిపోయింది. ఎందుకో వాళ్ళకు తెలియదు, నాలాంటి పెద్దాయనకు చేసే మర్యాద అనుకుంటున్నారు పాపం, గరిటె తిన్నగా నా ముక్కు దగ్గరకే తెస్తారు.

కావున సకల జనులకు విన్నవించుకునేది ఏమనగా, ఈ జన్మలో మరొక మనిషి వండినదానిని వాసన చూసి తీర్పు చెప్పనని సూర్యచంద్రుల సాక్షిగా ప్రతిజ్ఞ చేసి ఉన్నాను. పెళ్ళి పెళ్ళికీ దానిని తప్పుతూనే ఉన్నాను.