మిక్సింగ్ బల్ల మీద నిన్నటి లెక్క

2003 నవంబరులో చిలకలూరిపేట దగ్గర ఒక నూలు మిల్లులో సిస్టమ్స్ ఆఫీసరుగా చేరాను. హోదాలో స్పిన్నింగ్ మాస్టరుతో సమానం, పైన మేనేజరు. మిల్లులో కంప్యూటర్లు ఒక్కో విభాగంలో ఒక్కో వయసువి. ఏ ప్రోగ్రాము ఎక్కించినా ఒకచోట నడిస్తే రెండోచోట మొరాయించేది. అన్నిటిలోనూ ఉన్నది బ్రౌజరొక్కటే.

నాకు ఫంక్షనల్ అనే రకం ప్రోగ్రామింగ్ భాషలంటే పిచ్చి. వాటిలో ఒకసారి పెట్టిన విలువ మారదు. ఫంక్షను తనను తానే పిలుచుకుంటూ జాబితా చివరిదాకా పోతుంది. అలాంటి చిన్న భాషను తయారుచేసి, దాన్ని నడిపే ఇంటర్‌ప్రెటర్‌ను బ్రౌజరుకు తెలిసిన జావాస్క్రిప్టులో రాశాను. దానికి అప్పగించిన మొదటి పని మిక్సింగ్ లెక్క, అంటే ఏ పత్తి బేళ్ళు ఎన్ని కలపాలో తేల్చడం. నూలు ఎప్పుడూ ఒకేలా రావాలంటే రోజూ పరిచే బేళ్ళలో పత్తి సన్నదనం సగటు మారకూడదు. ల్యాబు కొలతలు ఇచ్చి బటన్ నొక్కితే, గోడౌనులో ఏ వరస నుంచి ఎన్ని బేళ్ళు తీయాలో నా పేజీ చెప్పేది. మిక్సింగ్ మేస్త్రీ మస్తాన్ గారు ఆ అంకెలను నల్లబల్ల మీద సుద్దతో రాసి బేళ్ళు దింపించేవారు. అంతకుముందు ఇరవై ఏళ్ళూ ఆయన ఆ పని చేతివేళ్ళతో పింజ పట్టి చూసి చేసిన మనిషి.

జనవరిలో గోడౌను నిండిపోయింది. వరస ఖాళీ కాగానే అదే నంబరులో కొత్త సరుకు దించడం అక్కడి అలవాటు. ఒక ఉదయం మస్తాన్ గారు పింజ పట్టుకుని నా గదికొచ్చారు.

"సార్, మూడో వరసలో పత్తి నిన్నటిది కాదండి, చేతికి గరుగ్గా తగులుతోంది. లెక్కేమో నిన్నటిదే చూపిస్తోంది."

"కంప్యూటరుకన్నా మీ వేళ్ళకే ఎక్కువ తెలుసా? బల్ల మీద ఉన్నట్టు దించండి" అని కసిరాను. ఆయన వెళ్ళి బల్ల మీద ఉన్నట్టే బేళ్ళు దింపించారు.

మూడు వారాలకు మా నూలు కొనే చీరాల నేతగాళ్ళ నుంచి ఫిర్యాదు వచ్చింది. మా నూలుతో నేసిన గుడ్డకు రంగు వేస్తే చారలు పడుతున్నాయట. కంప్యూటరు లెక్కను పక్కనబెట్టి మేస్త్రీ సొంత తెలివి వాడాడని మేనేజరు తేల్చి, ఆయన్ను సస్పెండ్ చేశారు. నల్లబల్ల ఏ రోజుకారోజు తుడిచేసేదే కనుక లెక్క ప్రకారమే దించానని చూపే రుజువు ఆయన దగ్గర లేదు. విచారణ కోసం లెక్క సరైనదని రాసిమ్మని నన్నడిగారు.

ఆ పని మీద మిక్సింగ్ కంప్యూటరు దగ్గరకు వెళ్ళి, మస్తాన్ గారు పింజ తెచ్చిన నాటి కొలతలు ఇచ్చి బటన్ నొక్కాను. తెర మీది పాత అంకెలు కదల్లేదు. బ్రౌజరు అడుగున మూలగా, ఏదో తప్పు జరిగిందని తెలిపే చిన్న పసుపు గుర్తు వెలిగింది, అంతే. ఫంక్షను తనను పిలుచుకున్న ప్రతిసారీ వెనకటి పిలుపు జవాబు కోసం కాచుకుని ఉంటుంది. ఆ క్యూ ఎంత పెరగవచ్చో బ్రౌజరు ఒక హద్దు పెడుతుంది. నేను నలభై బేళ్ళతో పరీక్షించి ఊరుకున్నాను. గోడౌనులో వందలున్నాయి. గోడౌను నిండి ఉన్న రోజుల్లో హద్దు దాటగానే లెక్క ఆగిపోయి, నిన్నటి జవాబు ఈరోజుదిలా తెర మీద నిలబడింది.

రెండు రోజులు నోరు మెదపలేదు. పరువు పోతుందని భయపడ్డాను, నిజం. మూడో రోజు తప్పు నాదని కాగితం మీద రాసి మేనేజరుకిచ్చాను. "ఇంత ఆలస్యంగానా చెప్పేది?" అన్నారాయన. సస్పెన్షన్ రద్దయింది. నా సర్వీసు పుస్తకంలో మందలింపు ఎక్కింది.

తిరిగి డ్యూటీకొచ్చిన మస్తాన్ గారికి క్షమాపణ చెప్పబోయాను.

"మిషనుకు తెలీదు సరేనండి. నేను చెప్పాను కదా, మీరెందుకు వినలేదు?" అన్నారు.

ఇంటర్‌ప్రెటరును మార్చి, ఒక్కో మెట్టూ ముగించుకుంటూ పోయేలా చేశాను. అది ఒక పూట పని. పేజీ కూడా ముందు పాత జవాబును చెరిపి, ఆ తరువాతే కొత్త లెక్క మొదలుపెట్టేలా సరిచేశాను. రిటైరయ్యేదాకా ఏ మిల్లులో పనిచేసినా ఒక నియమం వదల్లేదు: సరుకు చేత్తో పట్టుకున్నవాడు తేడా ఉందంటే, ముందు మిషన్ ఆపాలి, తరువాతే వాదించాలి.