ఉత్త సీసా పంపకూడదని

నా పరిశోధన గురించి ఎవరైనా పొగడ్త మొదలుపెడితే నేను అక్కణ్ణుంచి లేచిపోతాను. బాక్టీరియా జన్యువుల మీద జీవితమంతా పనిచేశాను. ఒళ్ళు హూనం చేసుకుని రాసిన వ్యాసాలను ఎవడూ పట్టించుకోలేదు. దేశదేశాల వాళ్ళు తమ వ్యాసాల అడుగున మళ్ళీ మళ్ళీ ఉదహరించింది ఒక్కదాన్నే. అది తప్పు. తప్పని నాకు తెలుసు, నా పైనున్న ప్రొఫెసరుకూ తెలుసు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాతి మాట. శ్రీరాంపూర్ బొగ్గు గనుల దగ్గర కార్మికుల క్వార్టర్లలో రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. పక్కనే ఉన్న కరీంనగర్ వాణ్ణి కాబట్టి అక్కడి జనంతో మాట్లాడగలనని ప్రొఫెసరు నన్ను పంపాడు. ఒక వరుసలో ఇంటికొక సీసా పంచి, రోగం ఉన్నా లేకపోయినా మలం పెట్టి ఇమ్మన్నాను. తెల్లారేసరికి అన్నీ తిరిగి వచ్చాయి. ఒక్కరూ సణగలేదు. నా మాటకారితనానికి నేనే మురిసిపోయాను.

పరీక్షిస్తే అన్నింట్లోనూ ఒకే బాక్టీరియా. సల్ఫా మాత్రకు అది చావడం లేదు. మందును తట్టుకునే జన్యువును ఒక బాక్టీరియా పక్కదానికి అందిస్తుందని అప్పుడప్పుడే తెలుస్తున్న రోజులు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ కడుపుల్లో కూడా ఇదే దొరికింది కాబట్టి ఆ గుణం కాలనీ అంతా పాకిందని రాసేశాం. ప్రొఫెసరు పేరు ముందు, నాది వెనక. విదేశీ పత్రికలో అచ్చయింది. ప్రతులు పంపమని ఎక్కడెక్కడి నుంచో కార్డులు వచ్చాయి.

మరుసటి ఏడు మళ్ళీ సీసాలు పట్టుకుని వెళ్ళాను. మొదటి ఇంట్లో ఉండే పెద్దవ్వ కోడలు చాప మీద ముడుచుకుని పడుంది. రక్తం పడుతోందట. దవాఖానకు పోలేదా అని అడిగాను.

"పోయినం సారూ. గా తెల్లగోలీ గీ కాలనీవోళ్లకు పనిచెయ్యదట. మీరే రాసిండ్రట గదా," అంది పెద్దవ్వ. తర్వాత నా చేతిలోవి చూసి, "మల్ల సీసాలు తెచ్చినవా? గీసారి ఎవలది పెట్టాలె?" అని అడిగింది.

"ఎవలదేందవ్వా? మీ ఇంటోళ్లదే."

"పోయినసారి మా ఇంట్ల అందరం మంచిగనే ఉంటిమి. మంచోళ్లది నీకేం పనికొస్తది? అట్లని సీసా ఉత్తగ పంపుతమా? సుట్టపోళ్లు గిన్నెల ఏమన్న పంపితె, ఉత్త గిన్నె తిప్పి పంపం గదా. మూలింటాయనకు రక్తం పడుతుండె. ఆయనదే తీసి అందరం తలా ఇంత పెట్టినం."

నేను సీసాలు తిరిగి సంచిలో పెట్టేసుకున్నాను. వరుస వరుసంతా ఒక్క మనిషి మలం! దాని మీద మా సిద్ధాంతం, దాని మీద ఇంకొకరి సిద్ధాంతం. పెద్దవ్వను ఏమనాలి? మర్యాద తెలిసిన మనిషి.

మంచిర్యాలకు పోయి అవే సల్ఫా గోలీలు కొని తెచ్చి కోడలికి వేయించాను. లేచి కూర్చుంది. మాత్ర పనిచేస్తోంది! దవాఖాన డాక్టరు దగ్గరికి ఉరికి సంగతంతా చెప్పాను.

"నీ మాట మీద ఎట్లిస్తనయ్యా? పెద్దసారుతోని అచ్చేయించి తీస్కరా," అన్నాడు.

సరే, ప్రొఫెసరు దగ్గరికి పోయాను. ఆయన మమ్మల్ని ఉదహరించిన వ్యాసాల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంతమందీ తప్పేనా? ఎవరో ముసలమ్మ చెప్పిందని నన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తావా? నీ ఉద్యోగం సంగతి చూసుకో," అన్నాడు.

ఆ ఇంతమందిలో ఒక్కడూ శ్రీరాంపూర్ మొహం చూసినవాడు కాదు. ముందువాడు రాశాడని వెనకవాడు రాశాడు. గొర్రెల మంద. ఛీ, తలచుకుంటే ఇప్పటికీ రోత. పత్రికకు నేనొక్కణ్ణే రాసి చూశాను. మొదటి రచయిత సంతకం లేనిదే సవరణ వేసేది లేదన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ప్రొఫెసరు రిటైరయ్యాడు. సన్మానసభలో ఆ వ్యాసం గొప్పతనం గురించి ఒకరి తర్వాత ఒకరు ఊదరగొట్టారు. నన్నూ నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. లేచి ఉన్నదున్నట్టు చెప్పాను. ఉత్త సీసా పంపడం మర్యాద కాదని ఒకే మనిషిది అందరూ పంచుకున్నారని, మా వ్యాసమంతా ఆ ఒక్కడి కడుపులోదేనని. సభ పగలబడి నవ్వింది. చప్పట్లు కొట్టారు. అందరికంటే ఎక్కువ ప్రొఫెసరే నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ నా భుజం తట్టాడు.

ఆ సభకు శ్రీరాంపూర్ దవాఖాన డాక్టరునూ పిలిచారు. భోజనాల దగ్గర ఆయన విస్తరి పట్టుకుని నా పక్కకు వచ్చాడు. "మస్తు నవ్విచ్చినవయ్యా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీరు రాసినంక నేను గా గోలీ ఎవ్వలకు ఇయ్యలే. మొన్న వానకాలం గా లైన్ల పెద్దవ్వ, ఆమె కోడలు ఇద్దరు రక్తం పడి పోయిండ్రు. బతిమిలాడిండ్రు గానీ ఇయ్యలే. సైన్సంటె సైన్సే గదా," అన్నాడు.