వెయ్యని కేక

ఒక మాట చాలా ఏళ్ళుగా నా గొంతులో అడ్డంపడి ఉంది. అన్నం ముద్దయితే ఇన్ని నీళ్ళు తాగి దింపుకునేవాణ్ణి. ఇది లోపలికి దిగదు, బయటికీ రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. నిజానికి ఈ మాట వినాల్సిన మనిషి మా ఊళ్ళోనే ఉన్నాడు. రోజూ కనపడతాడు. అతనికి చెప్పలేకపోయాను.

మాది దాచేపల్లి వైపు పల్లె. పత్తి, మిరప చేలు దాటితే కొండ, కొండమీద అడవి. మిరపకోతలు అయిపోయి పని లేని రోజుల్లో ఆ అడవిని పలచన చేయడానికి మమ్మల్ని పిలిచేవాళ్ళు. పత్తి చేలో ఒకే కుదురులో నాలుగు మొక్కలు మొలిస్తే బలమైనదాన్ని ఉంచి తక్కినవి పీకేస్తాం కదా, అదే పని అక్కడ గొడ్డళ్ళతో. వంకరపోయిన టేకుల్నీ, తొర్రపడిన నల్లమద్దుల్నీ కొట్టేస్తే కిందికి వెలుతురు దిగుతుంది. పెద్ద చెట్ల నీడలో గిడసబారిపోయిన పిల్లమొక్కలు తేరుకుంటాయి.

చెట్టు మొదట్లో ఇద్దరు గొడ్డళ్ళతో ఉంటారు. ఇంకొకడు ఎడంగా నిలబడి చెట్టు తలకేసి చూస్తుంటాడు. అది ఏ పక్కకి ఒరుగుతుందో కనిపెట్టి, ఆ దిక్కు పేరు పెట్టి కేక వెయ్యాలి. తూర్పుకి, తూర్పుకి అని. ఆ కేక వినగానే అటు ఉన్నవాళ్ళు చేతిలోది పారేసి పరిగెత్తుతారు. నాది పెద్ద గొంతు. ఆ పని నాకిచ్చారు.

కోటయ్యదీ నాదీ పక్కపక్క చేలు. ఇద్దరం ఒక ఈడువాళ్ళం. అతను నోరు తెరిస్తే ఎవర్నో ఒకర్ని ఆటపట్టించకుండా ఉండలేడు. ఆ రోజు పొద్దున ఓ సన్నపాటి చెట్టుకి కూడా నేను గట్టిగా కేక వేస్తే, "ఏరా, ఎండుపుల్ల పడ్డా ఊరంతా లేపుతావా? నీ అరుపుకే సగం చెట్లు పడిపోతన్నాయ్" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వానే గానీ, ఆ మాట లోపల ముల్లులా దిగబడి ఉండిపోయింది.

ఆ తర్వాతిది పెద్ద నల్లమద్ది. కోటయ్య దానికి పడమటి పక్కన, ఇటు వీపు పెట్టి గొంతుక్కూచుని, పిల్లమొక్కల చుట్టూ కంప నరుకుతున్నాడు. మొదలు కిర్రుమంది. చెట్టు తల పడమరకి కదలడం చూశాను. కోటయ్యనూ చూశాను. నేను నోరు తెరవలేదు.

మరిచిపోయానా? లేదు. వాడు చచ్చిపోవాలనుకున్నానా? దేవుడి మీద ఒట్టు, అదీ లేదు. కేక లేకపోతే ఎలా ఉంటుందో వాడికి తెలిసిరానీ అనుకున్నాను. కొమ్మలు పక్కన పడితే గుండె ఝల్లుమననీ, అప్పుడు నా గొంతు విలువ తెలుస్తుంది అనుకున్నాను. అంత పెద్ద చెట్టు ఒరిగిపోతుంటే అంత చిన్న కోపం పట్టుకుని నిలబడ్డవాణ్ణి ఏమనాలి? ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను. నాకు తోచే జవాబులన్నీ బూతులే.

చెట్టు అతని కాలిమీద పడింది.

అప్పుడు అరిచాను. అందరికంటే ముందు పరిగెత్తాను, కొమ్మలు లాగాను, అతన్ని భుజాన వేసుకుని కొండ దిగాను. కేక వేశావా అని ఎవరో అడిగితే వేశానన్నాను. గొడ్డళ్ళవాళ్ళు కూడా విన్నామనే చెప్పారు. వాళ్ళు అబద్ధమాడలేదు. పొద్దుటినుంచీ ప్రతి చెట్టుకీ విన్న కేకే కాబట్టి దీనికీ విన్నామనుకున్నారు.

గుంటూరు ఆస్పత్రిలో, కాలికి కట్టుతో, కోటయ్య నన్ను దగ్గరికి పిలిచాడు.

"కేకేశావంట్రా?"

"ఏశాను. రెండుసార్లు ఏశాను."

"మరి నాకెందుకు వినపళ్ళేదు?"

అతని భార్య నాగమణి మంచం పక్కనే ఉంది. "ఈ మధ్య నేను పిల్చినా పలకట్లేదులే అన్నయ్యా. చెవి మందగించినట్టుంది" అంది.

పెళ్ళాం పిలిస్తే వెంటనే పలికే మగాడు ఎక్కడున్నాడు? ఆ మాట నేనే అని ఉండొచ్చు. అనలేదు. అవునన్నట్టు తలూపాను.

కాలు అతుక్కుంది. కొంచెం కుంటుతాడు, అంతే. అతకనివి చెవులు. ఏమీ కాని చెవులు. ఊరంతా అతనితో గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టింది. చిన్నపిల్లలు కూడా ముందుకొచ్చి అరిచి చెబుతారు. పట్నంలో పరీక్ష చేయించారు. చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు డాక్టరు. ఆ సాయంత్రం నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. కానీ కోటయ్య నమ్మలేదు. మామూలప్పుడు వినపడతాయట, ప్రమాదం వచ్చినప్పుడే మూసుకుపోతాయట. అలా తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. బండి అమ్మేశాడు. ఒంటరిగా చేనుకు వెళ్ళడం మానేశాడు. ఎగతాళి మాటలు ఆగిపోయాయి.

తర్వాత ఇంకోటి మొదలైంది. కళ్లంలో ఎండబోసిన మిరపకాయల మధ్య కూర్చున్నవాడు ఉన్నట్టుండి లేచి పక్కకు దూకేవాడు. కాళ్ళకింద కాయలు నలిగి, ఘాటుకి అందరం దగ్గేవాళ్ళం. ఎవరో కేకేశారు అనేవాడు. ఎవరూ వేసేవారు కాదు. ఒక కేక తప్పిపోయిందని, ఇంకోటి తప్పిపోకూడదని, రోజంతా చెవులు రిక్కించుకుని బతుకుతున్నాడు. చూస్తుంటే నాకు భయం వేసేది.

ఎక్కడికి వెళ్ళినా నన్ను వెంటపెట్టుకుని వెళతాడు. నువ్వుంటే ధైర్యంరా, నా చెవులు నువ్వే అంటాడు. నేనూ వెళతాను. చేసిన తప్పు దిద్దుకుంటున్నానని కొన్నాళ్ళు అనుకున్నాను. కాదు. వేరేవాళ్ళెవరైనా వెంట వెళితే ప్రమాదంలో కూడా అతని చెవులు బాగానే వింటాయని కనిపెడతారేమోనని నా భయం.

మొన్న సిమెంటు లారీలు తిరిగే రోడ్డు అంచున ఇద్దరం నిలబడ్డాం. ఉన్నట్టుండి అతను రోడ్డు మీదికి దూకాడు. చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. చొక్కా చిరిగింది. లారీ మమ్మల్ని రాసుకున్నట్టే పోయింది, దుమ్ములో కాసేపు ఏమీ కనపడలేదు. ఎందుకు దూకావురా అని అడిగాను.

"నువ్వే కేకేశావుగా."

"నేనా?"

"ఎప్పుడూ నీ గొంతేరా వినపడేది. పడమరకి, పడమరకి అని."

చెబుదామని నోరు తెరిచాను. పద, ఎండ ముదురుతోంది అన్నాను.

ఆ రోజు కోటయ్య కంప నరికి కాపాడిన పిల్లమొక్కలు ఇప్పుడు చెట్లయ్యాయి. ఒత్తుగా పెరిగి ఒకదాన్నొకటి అణుస్తున్నాయట, ఈ ఎండాకాలం మళ్ళీ పలచన చేస్తారట. కేకకి నువ్వే రావాలి, జాగ్రత్తగల మనిషివి అని నన్ను అడిగారు. కోటయ్య కూడా వస్తానంటున్నాడు. అదే చోట అలాగే వీపు పెట్టి కూర్చుంటాడట. ఈసారి నీ కేక వింటాను చూడరా అంటున్నాడు. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు నిద్ర లేదు.

మీకు చెబుతున్నాను. ఆ రోజు నేను కేక వెయ్యలేదు. కోటయ్య చెవులకు ఏనాడూ ఏమీ కాలేదు.

క్షమించమని అడగను, క్షమించడానికి మీరు కోటయ్య కాదు. కానీ ఆ మాట బయటికి వచ్చాక గొంతు కాస్త సడలినట్టుంది, ఇందాక తాగిన నీళ్ళు తేలిగ్గా దిగాయి. పొద్దున్నే కోటయ్య రోడ్డు దాటించమని మా వాకిట్లోకి వస్తాడు. వీధి చివరినుంచే మా వాకిట్లో నా అడుగుల చప్పుడు పోల్చుకుని నన్ను పేరుపెట్టి పిలుస్తాడు.