వదిన మోకాలు

హారియట్ కొండకి తీసుకెళ్ళమని వదిన ఫోన్ చేసినప్పుడు నేను రంగత్‌లో స్కూల్లో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. వదిన పుట్టింది చౌల్దారీలో, కాపురం పోర్ట్‌బ్లెయిర్‌లో. ఆ కొండ కనపడని రోజు ఆమె జీవితంలో తక్కువే. అయినా ఎప్పుడూ ఎక్కలేదు. "ఇంటెదురుగున్న కొండని ఎవులు సూస్తారు మరిదీ, టూరిస్టులు సూస్తారు గానీ" అనేది. అలాంటి మనిషి ఇప్పుడు తనంతట తను అడిగింది. ఎందుకని నేను అడగలేదు. ఆమె ఏం చెబుతుందోనని భయం వేసింది.

ఆ భయానికి కారణం అంతకు ముందటి జనవరిలో ఉంది. ఏటా ఒక సెలవు రోజున అన్నయ్యా నేనూ ఆ కొండ మీద నడిచేవాళ్ళం. పైనున్న గెస్ట్‌హౌస్ దగ్గర మొదలై, కాలాపత్థర్ అనే నల్లరాయి దాకా అడవిలో కాలిబాట ఉంది. ఆసారి తిరిగి వస్తుండగా ఎత్తు ఎక్కేచోట, దారికి అడ్డంగా పడిపోయి ఉన్న పెద్ద మాను మీద అన్నయ్య కూలబడ్డాడు. చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. మొహమంతా చెమట. పావుగంట తరవాత లేచి, "గ్యాస్ రా. మీ వదినకి చెప్పకు, ఊరికే టెన్షన్ పడుద్ది" అన్నాడు. నేను సరేనన్నాను. చెప్పలేదు కూడా. ఏప్రిల్‌లో ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ అద్దం ముందు పడిపోయాడు. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది.

నేను ఆ రోజే వదినకి చెప్పి ఉంటే ఆయన బతికేవాడు. పదో రోజుకల్లా ఈ లెక్క నాకు స్పష్టమైపోయింది. తరవాత ఎన్నిసార్లు చేసినా జవాబు మారలేదు. చావు గురించి రాసిన పుస్తకాలు నా దగ్గర చాలానే ఉన్నాయి. అన్నీ మళ్ళీ చదివాను. అవి పోయినవాళ్ళ గురించి, పోగొట్టుకున్నవాళ్ళ గురించి. తెలిసీ నోరు మూసుకున్నవాడి గురించి వాటిల్లో పెద్దగా లేదు.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. వదినని నల్లరాయి దాకా తీసుకెళ్ళి, అక్కడ కూర్చోబెట్టి, జరిగింది చెప్పేస్తాను. ఆ తరవాత ఆమె నాతో మాట్లాడినా మాట్లాడకపోయినా సరే.

చాతం జెట్టీ దగ్గర వదిన నాకంటే ముందే వచ్చి టికెట్లు తీసుకుని నిలబడింది. బాంబూఫ్లాట్ వెళ్ళే ఫెర్రీలో స్కూటర్ల మధ్య ఇరుక్కుని నిలబడ్డాం. నేను అలవాటుగా అడిగాను, "మోకాలు ఎలా ఉంది?"

"పర్లేదు" అంది సముద్రం వైపు చూస్తూ.

వదిన మోకాలి సంగతి కొంచెం చెప్పాలి. ఆ జనవరి తరవాతి ఫిబ్రవరిలో అన్నయ్య ఫోన్ చేసి, మీ వదిన మోకాలు చూపించడానికి చెన్నై వెళ్తున్నాం అన్నాడు. అప్పటి నుంచీ ఫోన్లో నా మొదటి ప్రశ్న మోకాలు. అన్నయ్య పోయాక ఆ ప్రశ్న నాకు మరీ పనికొచ్చింది. మోకాలి గురించి మాట్లాడుతున్నంతసేపూ ఇంకో సంగతి మాట్లాడనక్కర్లేదు. కొండ ఎక్కుతుందని ఈసారి రంగత్ బజారులో ఒక మోకాలి పట్టీ కూడా కొని తెచ్చాను.

బస్సు దిగాక చెక్‌పోస్టు దాకా కొంత ఎక్కుడు ఉంది. అక్కడ గార్డు పేర్లు రాసుకుని, సంచుల్లో ఉన్న ప్లాస్టిక్ వస్తువులన్నీ లెక్కపెట్టి పుస్తకంలో రాస్తాడు. తిరిగి వచ్చేటప్పుడు అన్నీ చూపించాలి. వదిన సంచిలో స్టీలు క్యారేజీ, స్టీలు సీసా, జలగలకోసం గుడ్డలో కట్టిన ఉప్పు. ఒక్క ప్లాస్టిక్ ముక్క లేదు. నా సంచిలోంచి మోకాలి పట్టీ ఉన్న కవరు తీసి గార్డు పైకెత్తాడు.

"యే క్యా హై, భయ్యా?"

"దీదీ మోకాలికి" అన్నాను హిందీలో.

అతను వదినని కిందనుంచి పైదాకా చూశాడు. తరవాత నన్ను చూశాడు. నేనింకా రొప్పుతున్నాను. "దీదీ తో ఆప్ సే పహలే పహుంచ్ గయీ" అన్నాడు. నీకంటే ముందే వచ్చేసింది కదయ్యా అని. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకి తిరిగింది. కవరు ఒకటి, అని అతను రాసుకున్నాడు.

టూరిస్టుల జీపు ఒకటి మమ్మల్ని పైదాకా ఎక్కించుకుంది. గెస్ట్‌హౌస్ దగ్గర దిగి అడవి బాట పట్టాం. రెండు రోజుల కిందటి వాన వల్ల నేల మెత్తగా ఉంది. వదిన ముందు, నేను వెనక. చెప్పులు చేత్తో పట్టుకుని ఆమె వేర్ల మీద అడుగులు వేసుకుంటూ పోతోంది. నేను కర్ర ఇస్తే తీసుకోలేదు. ఇంత నొప్పి పెట్టుకుని ఎలా నడుస్తోందా అనుకున్నాను. నల్లరాయి దగ్గర మొదటి వాక్యం ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నందువల్ల అంతకు మించి ఆలోచన సాగలేదు.

ఆ మాను ఇంకా అక్కడే ఉంది. మనిషి పట్టేంత సందు వదిలి మధ్యలో కోసేశారు. రెండు కొసలూ బాటకి అటూ ఇటూ పడి ఉన్నాయి. తలొంచుకుని దాటిపోదామనుకున్నాను. వదిన ఆగింది.

"ఇదేనా, మీ అన్న కూకున్న మాను?"

"నీకెవరు చెప్పారు?" అన్నాను.

"ఇంకెవులు సెప్తారు, మీ అన్నే. ఆ సాయంత్రమే. బూట్లు ఇప్పకముందే సెప్పేసినాడు. ఆ మనిషికి కడుపులో మాట దాగుద్దేటి?"

"నాతో నీకు చెప్పొద్దన్నాడు."

"అదీ సెప్పినాడు."

మర్నాడే ఆస్పత్రికి వెళ్ళారట. ఈసీజీ తీసి, చెన్నై వెళ్ళమన్నారట.

"చెన్నై వెళ్ళింది నీ మోకాలికి కదా?"

వదిన నా మొహంలోకి చూసింది. తరవాత మాను మీద కూర్చుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అన్నయ్య పోయాక ఆమె అలా నవ్వగా నేను చూడలేదు.

"నా మోకాలికేటి రోగం! దున్నపోతునాగున్నాను. అదంతా మీ అన్న కల్పన. గుండె నరాల్లో రెండుచోట్ల అడ్డం ఉంది, మందులు వాడండి, మే నెల్లో ఆపరేషన్ అన్నారు అక్కడ. తమ్ముడికి తెలిస్తే నన్ను ఇంక కొండకి పిలవడు, ఆపరేషన్ అయినాక నేనే సెప్పుకుంటాను అని నాతో ఒట్టేయించుకున్నాడు. నువ్వేమో ఫోన్ సేస్తే సాలు మోకాలు, మోకాలు. ఇంటికొస్తే నీ ముందు కుంటేదాన్ని. ఏ కాలని సెప్పినాడో గుర్తుండక ఓపాలి ఎడంకాలు, ఓపాలి కుడికాలు. ఆ మనిషి పోయినాక ఆ ఒట్టు తీసి గట్టునెట్టడానికి నాకు మనసు రాలేదు."

"నేను గమనించలేదే."

"నువ్వెక్కడ సూస్తావు? కుంటతంటే తల దించుకునేవాడివి."

అది నిజమే. నేను ఆమె ఎదురుగా తలెత్తి చాలా రోజులైంది. ఎందుకో అప్పుడు చెప్పాను. ముందుగా కూర్చుకున్న వాక్యాలేవీ అక్కర్లేకపోయాయి. నేను చెప్పి ఉంటే ఆయన బతికేవాడని అనుకుంటూ ఇన్నాళ్ళూ తిరిగానన్నాను.

"ఎవులికి సెప్పేవాడివి?" అంది వదిన. "నాకు తెల్సు. డాక్టరుకి తెల్సు. మందులు ఏసుకుంటన్నాడు. ఇంకెవులికి సెప్తావు, కలెక్టరుకా?"

తరవాత కాలి వేళ్ళకి అంటిన బురద దులుపుకుంటూ అంది, "నాకూ ఉంది ఒకటి. మే దాకా ఎందుకు, ఇప్పుడే కోసెయ్యండని నాను జిద్దు పట్టాల్సింది. తొందర్లేదన్నారు కదాని వొచ్చేసినాం."

"తొందర్లేదని డాక్టరే అన్నాక నువ్వేం చేస్తావు?"

"అదే మరి. నువ్వేటి సేస్తావు, నానేటి సేస్తాను" అంది.

ఇంకో కొస మీద నేనూ కూర్చున్నాను. మడమ మీద జలగ పట్టి ఉంటే వదిన ఉప్పు మూట విసిరింది. నాకు ఆకలిగా ఉందని అప్పుడు తెలిసింది. ఉత్త ఆకలి, పొద్దున్నే లేచి కొండ ఎక్కిన మనిషికి వేసే ఆకలి. ఏప్రిల్ నుంచీ తింటూనే ఉన్నాను గానీ అది గంట కొట్టినందుకు తినడం. దుఃఖం తగ్గిందని అనను. అన్నయ్య లేడు, ఆ మాట అలాగే ఉంది. కానీ ఆ మాట పక్కన ఇంకో మాట లేదు. ఆయన లేడు, నేను చంపలేదు. రెండోది ఇంత తేలికపరుస్తుందని నేను అనుకోలేదు. ఒళ్ళు సడలిపోయి నిద్ర కూడా వచ్చింది.

వదిన క్యారేజీ విప్పింది. చపాతీలు, బంగాళదుంప వేపుడు. మోకాలి పట్టీ తీసి నా ఒళ్ళో పడేసి, "ఇది నువ్వే ఎట్టుకో, ఎక్కలేక సస్తన్నావు" అంది. పెట్టుకున్నాను. నిజానికి బాగానే ఉంది.

తింటూ తింటూ అడిగింది, "ఆ రోజు ఇక్కడ కూకోక ముందు, దార్లో ఏటి మాటాడినాడు?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు గురించి ఏది మొదలుపెట్టినా ఈ మాను దగ్గరకే వచ్చి ఆగుతుందని, మొత్తం రోజునే మూసిపెట్టాను. ఇప్పుడు వెతికితే అన్నీ ఉన్నాయి.

"దార్లో ఒక టూరిస్టు జంట కలిసింది" అన్నాను. "పిట్ట కూస్తుంటే, అదేం పిట్ట అని ఆయన్ని అడిగారు. తెలీదని చెప్పడం ఆయనకి రాదు కదా. మీ నాన్న పేరు చెప్పాడు."

"మా నాన్న పేరా!"

"ఆ పిట్ట మన దీవుల్లో తప్ప ఇంకెక్కడా ఉండదని కూడా చెప్పాడు. వాళ్ళు పుస్తకంలో రాసుకున్నారు."

"దొంగ మొహం" అంది వదిన, చపాతీ ముక్క చేతిలోనే ఉండిపోయింది. "ఇంకా?"

ఇంకా చాలా ఉంది. రిటైరయ్యాక డింగీ పడవ కొంటానన్నాడు, ఈత రాకపోయినా. దారి పొడుగునా జామకాయలు నాకు ఒక్కటీ పెట్టకుండా తినేశాడు. గిన్నెలు సర్దుకుని లేచి, మిగతాది చెబుతూ నల్లరాయి వైపు నడిచాను. ఈసారి నేను ముందు, వదిన వెనక. సరిగా వినపడనప్పుడల్లా "ఏటీ? ఏటన్నాడు?" అని వెనకనుంచి అరిచేది. నేను ఆగి, మళ్ళీ చెప్పేవాణ్ణి.